ఎఫ్‌కీ ఎల్‌కీ మధ్య: పెద్ద ఎల్‌ఈడీ లైట్లను డిమ్ చేయడానికి సరైన మాస్‌ఫెట్ ఎంచుకోవడం ఎలా

మా హాల్లో ఫాల్స్ సీలింగ్ అంచున దాచిపెట్టిన ఎల్‌ఈడీ స్ట్రిప్ అయిదు మీటర్లు. సినిమా చూసేటప్పుడు మసకగానూ, చుట్టాలు వచ్చినప్పుడు ధగధగలాడుతూనూ ఉండాలని ఆర్డునో యూనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు (మనం రాసిన ప్రోగ్రామ్‌ను నడిపేది) పెట్టి డిమ్మర్ నేనే కట్టుకున్నాను. దుకాణంలో ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అనే మాస్‌ఫెట్, అంటే చిన్న వోల్టేజితో పెద్ద కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్, అడిగితే, "ఇదీ అదే సార్, పట్టుకెళ్లండి" అంటూ ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ చేతిలో పెట్టారు. బల్ల మీద మీటరు ముక్కతో చూస్తే బాగానే వెలిగింది. ఫోన్ నుంచి నడపాలన్న సరదాతో యూనో తీసి వైఫై ఉన్న ఇఎస్‌పి32 బోర్డు పెట్టిన రోజున స్ట్రిప్ కాస్తా కిరసనాయిలు బుడ్డిలా మిణుకుమంది. మాస్‌ఫెట్ మీద వేలు పెడితే చురుక్కుమంది. కోడ్ తప్పేమోనని రెండు గంటలు వెతికాను. తప్పు కోడ్‌లో లేదు, ఎల్ ఉండాల్సిన చోట ఎఫ్ ఉంది, అంతే.

ఆ ఒక్క అక్షరం వెనక ఏముందో తెలిస్తే స్విచ్ ఎంపికలో ముప్పాతిక భాగం తెలిసినట్టే. ఆ అయిదు మీటర్ల స్ట్రిప్‌నే ఉదాహరణగా పెట్టుకుని వరసగా చూద్దాం.

మొదటి అడుగు: మీ దగ్గరున్నది స్ట్రిప్పా, విడి ఎల్‌ఈడీయా?

ఈ ప్రశ్న వదిలేసి నేరుగా మాస్‌ఫెట్ కొనేవాళ్లే ఎక్కువ. 12 వోల్టుల స్ట్రిప్‌లో ప్రతి మూడు ఎల్‌ఈడీలకూ ఒక రెసిస్టర్ ముందే అతికించి ఉంటుంది. కరెంటు ఎంత పారాలో ఆ రెసిస్టరే చూసుకుంటుంది. కాబట్టి దీనికి స్థిరమైన 12 వోల్టులు ఇచ్చి, మధ్యలో స్విచ్‌తో తెరుస్తూ మూస్తూ ఉంటే చాలు.

నక్షత్రం ఆకారపు అల్యూమినియం పలక మీద వచ్చే 1 వాట్, 3 వాట్ల విడి ఎల్‌ఈడీల సంగతి వేరు. వాటిలో రెసిస్టర్ ఉండదు. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు దాటాక వోల్టేజి కొద్దిగా పెరిగినా కరెంటు అమాంతం పెరుగుతుంది. పైగా ఎల్‌ఈడీ వేడెక్కే కొద్దీ దానికి కావలసిన వోల్టేజి తగ్గుతుంది, అందుకని అదే వోల్టేజికి ఇంకా కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. చివరికి మాడిపోతుంది. దీనికి కావలసింది స్థిరంగా కరెంటునిచ్చే డ్రైవర్. ఆ డ్రైవర్‌లోనే స్విచ్ ఉంటుంది కాబట్టి మీరు విడిగా మాస్‌ఫెట్ కొననక్కర్లేదు. దాని గురించి ఆఖర్లో చెబుతాను. స్ట్రిప్ వాళ్లు ఇలాగే రండి.

230 వోల్టుల మెయిన్స్‌కు నేరుగా తగిలించే బల్బులు ఈ వ్యాసం పరిధిలోకి రావు. వాటి మీద ఇక్కడి సర్క్యూట్ ప్రయోగించకండి.

రెండో అడుగు: కరెంటు లెక్క

మీటరుకు 60 ఎల్‌ఈడీలుండే 5050 రకం స్ట్రిప్ తీసుకుందాం. మూడేసి చొప్పున 20 గుంపులు, ఒక్కో గుంపుకు 60 మిల్లీఆంపియర్లు. అంటే మీటరుకు 1.2 ఆంపియర్లు, 14.4 వాట్లు. అయిదు మీటర్లకు 6 ఆంపియర్లు, 72 వాట్లు. ఆర్డునో యూనో పిన్ నుంచి నిశ్చింతగా తీసుకోగలిగేది 20 మిల్లీఆంపియర్లు. అది 40 దాటితే చిప్ దెబ్బతింటుంది. పిన్ ఇవ్వగలిగినదానికి మనకు కావలసింది 300 రెట్లు. అందుకే మధ్యలో స్విచ్ తప్పదు.

పవర్ సప్లై కూడా ఈ లెక్క నుంచే వస్తుంది. 6 ఆంపియర్ల లోడుకు సరిగ్గా 6 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (మెయిన్స్‌ను 12 వోల్టుల డీసీగా మార్చే సప్లై) పెట్టి ఎప్పుడూ నిండుగా నడపడం మంచిది కాదు. 12 వోల్టులు, 8.5 ఆంపియర్లు అని దొరికే 100 వాట్ల రకం సరిపోతుంది.

మూడో అడుగు: పనికిరానివి పక్కన పెట్టడం

రిలే: ఆన్, ఆఫ్‌లకు బాగుంటుంది. డిమ్ చేయడమంటే సెకనుకు వందలసార్లు ఆన్, ఆఫ్ చేయడం. రిలే లోపల ఉన్నది ఇనుప నాలుక, అది అంత వేగంగా కొట్టుకోలేదు, కొట్టుకున్నా ఎక్కువకాలం బతకదు.

సాలిడ్ స్టేట్ రిలే: దుకాణాల్లో మామూలుగా దొరికేది ఏసీ రకం. దాని లోపలి ట్రయాక్ లాంటి భాగం ఒకసారి తెరుచుకుంటే కరెంటు సున్నాకు వచ్చేదాకా మూసుకోదు. డీసీలో కరెంటు సున్నాకు రాదు కాబట్టి లైటు వెలిగాక ఇక ఆరదు.

టిఐపి122: డార్లింగ్టన్ ట్రాన్సిస్టర్, అంటే రెండు ట్రాన్సిస్టర్లు జతచేసిన రకం. పాత ప్రాజెక్టు పుస్తకాలన్నిటా ఇదే కనిపిస్తుంది. తక్కువ బేస్ కరెంటుతో పనిచేస్తుంది కాబట్టి మైక్రోకంట్రోలర్‌కు సుఖమే. కానీ పూర్తిగా తెరుచుకున్నాక కూడా 3 ఆంపియర్ల దగ్గర దానిమీద 2 వోల్టుల వరకు నిలిచిపోవచ్చు. అంటే 6 వాట్లు ఊరికే వేడిగా పోతాయి, స్ట్రిప్‌కు 12కు బదులు 10 వోల్టులే అందుతాయి. 6 ఆంపియర్ల లోడుకు దీని పేరు ఎత్తకండి. యుఎల్‌ఎన్2003 కూడా ఇదే జాతి, ఒక్కో దారికి 500 మిల్లీఆంపియర్లే.

మిగిలింది ఎన్-ఛానల్ మాస్‌ఫెట్. ఇది బేస్ కరెంటు అడగదు. దీనికి మూడు కాళ్లు: అదుపు చేసేది గేట్, కరెంటు పారేవి డ్రెయిన్, సోర్స్. గేట్ మీద వోల్టేజి పెడితే డ్రెయిన్‌కీ సోర్స్‌కీ మధ్య కొన్ని మిల్లీఓమ్‌ల రెసిస్టర్‌లా మారిపోతుంది. "పెడితే" అన్నాను కదా, ఎంత పెడితే అన్నదే అసలు ప్రశ్న.

నాలుగో అడుగు: డేటాషీట్‌లో ఏ వరుస చదవాలి

మాస్‌ఫెట్ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) మొదటి పేజీ పెళ్లిచూపుల ఫోటో లాంటిది. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మొదటి పేజీలో 47 ఆంపియర్లు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె మాస్‌ఫెట్ ఒళ్లు ఎలాగోలా 25 డిగ్రీల దగ్గర నిలబెట్టినప్పటి మాట. ఫాల్స్ సీలింగ్ లోపల, మే నెలలో, అలాంటి చల్లదనం ఎక్కడిది? ఆ అంకెను చూసి ముచ్చటపడి ముందుకు సాగండి.

రెండో బోల్తా థ్రెషోల్డ్ వోల్టేజి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్‌కు ఇది 2 నుంచి 4 వోల్టులు. "మా బోర్డు 5 వోల్టులిస్తుంది, 4 కన్నా ఎక్కువే కదా, చాలు" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ అంకె పక్కనే చిన్నక్షరాల్లో ఉండే షరతు చూడండి: 250 మైక్రోఆంపియర్ల దగ్గర. అంటే థ్రెషోల్డ్ అన్నది మాస్‌ఫెట్ నిద్రలేచే వోల్టేజి మాత్రమే, పనికి వచ్చే వోల్టేజి కాదు. మనకు కావలసిన 6 ఆంపియర్లు 250 మైక్రోఆంపియర్లకు 24,000 రెట్లు.

చదవాల్సిన వరుస ఒక్కటే: ఆర్‌డీఎస్-ఆన్, తెరుచుకున్నప్పటి నిరోధం. అందులోనూ మిల్లీఓమ్‌ల అంకెకన్నా ముందు దాని పక్కనున్న గేట్ వోల్టేజి షరతు చూడాలి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్‌కు 17.5 మిల్లీఓమ్‌లు అని ఉంటుంది, అది గేట్‌కు 10 వోల్టులిచ్చినప్పుడు. 5 వోల్టులకు ఎంతో ఆ వరుసలో లేనే లేదు. అలా లేకపోవడమంటే తయారీదారు దానికి హామీ ఇవ్వడం లేదని అర్థం. మీ చేతికొచ్చిన ముక్క 5 వోల్టులకు పనిచేస్తే అది మీ అదృష్టం, రేపు కొనే ముక్క చేయకపోవచ్చు. నా యూనోతో వెలిగిన లైటు, 3.3 వోల్టుల ఇఎస్‌పి32తో మిణుకుమనడానికి కారణం ఇదే. గేట్ సగమే తెరుచుకుంది. ఆ రోజు మీటరు పెట్టి చూస్తే డ్రెయిన్‌కీ సోర్స్‌కీ మధ్య 2 వోల్టుల పైనే ఉంది. 150 మిల్లీవోల్టులకు మించకుండా ఉండాల్సిన చోటది.

ఇప్పుడు ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ వరుస చూడండి. గేట్ 10 వోల్టులకు 22 మిల్లీఓమ్‌లు, 5 వోల్టులకు 25, 4 వోల్టులకు 35. మూడు షరతులూ రాసి ఉన్నాయి. పేరులోని ఎల్ అక్షరం లాజిక్ లెవెల్‌కు గుర్తు. యూనో లాంటి 5 వోల్టుల బోర్డుకు ఇది సరిపోతుంది. యూఎస్‌బీ తీగ నుంచి నడిచే యూనో 5 బదులు 4.7 వోల్టులే ఇచ్చినా 4 వోల్టుల వరుస మనకు అండగా ఉంది. ఇఎస్‌పి32కు మాత్రం ఇదీ చాలదు. 3.3 వోల్టుల వరుస అందులో లేదు. లాజిక్ లెవెల్ అన్న మాట పుట్టింది 5 వోల్టుల కాలంలో. ఇప్పటి బోర్డుల్లో చాలావరకు 3.3 వోల్టులవే అయినా ఆ మాట మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఇదే చూపుతో ఆన్‌లైన్‌లో సెన్సార్ల సరసన అమ్మే ఐఆర్‌ఎఫ్520 మాడ్యూల్‌ను చూడండి. 10 వోల్టుల గేట్‌కే 270 మిల్లీఓమ్‌లు. 6 ఆంపియర్లు పంపితే లెక్క ప్రకారమే దాదాపు 10 వాట్ల వేడి. పైగా దానికి ఇచ్చేది బోర్డు పిన్ నుంచి వచ్చే 5 వోల్టులు. ఆర్డునో కోసమని ఆ మాడ్యూల్‌ను ఎవరు నిర్ణయించారో కానీ, డేటాషీట్ తెరిచి మాత్రం నిర్ణయించలేదు.

ఇక మిగిలిన వరుస డ్రెయిన్-సోర్స్ గరిష్ఠ వోల్టేజి. 12 వోల్టుల స్ట్రిప్‌కు 30 వోల్టుల రకం హాయిగా చాలు. 24 వోల్టుల స్ట్రిప్‌కు 55 లేదా 60 వోల్టుల రకం తీసుకోండి. పొడుగు తీగలు చటుక్కున తెగినట్టు ఆగినప్పుడు వోల్టేజి ఒక్క క్షణం పైకి ఎగురుతుంది, దానికి చోటుండాలి. అలాగని భద్రత కోసం 500 వోల్టులది కొనకండి. ఎక్కువ వోల్టేజికి తట్టుకునే మాస్‌ఫెట్‌లో ఆన్ నిరోధం కూడా ఎక్కువే ఉంటుంది.

అయిదో అడుగు: వేడి లెక్క

రెండే గుణకారాలు. కరెంటు × కరెంటు × నిరోధం = వాట్లు. వాట్లు × ఉష్ణ నిరోధం = గాలి కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ.

మాస్‌ఫెట్ వేడెక్కితే దాని ఆన్ నిరోధం పెరుగుతుంది, ఒకటిన్నర రెట్లు అనుకుని లెక్కేస్తే నిక్కచ్చిగా ఉంటుంది. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్‌కు 25 కాస్తా 37.5 మిల్లీఓమ్‌లు. 6 × 6 × 0.0375 = 1.35 వాట్లు. హీట్‌సింక్ లేకుండా నిలబెట్టిన టీఓ-220 ఆకారానికి, అంటే మూడు కాళ్లు, రంధ్రం ఉన్న లోహపు తోక కలిగిన ఆ మామూలు ఆకారానికి, వాట్‌కు సుమారు 62 డిగ్రీలు. 1.35 × 62 = 84. విజయవాడలోనో రామగుండంలోనో ఎండాకాలం 45 డిగ్రీలు మామూలే. 45కు 84 కలిపితే 129 డిగ్రీలు. డేటాషీట్ ప్రకారం 175 వరకు తట్టుకుంటుంది కాబట్టి చావదు. కానీ చెయ్యి తగిలితే కాలుతుంది, పక్కనున్న కెపాసిటర్ల ఆయుష్షు తగ్గుతుంది, ప్లాస్టిక్ డబ్బా మెత్తబడుతుంది. అటకలాంటి చోట మూసిపెడితే లోపలి గాలే 55 డిగ్రీలుంటుంది. నేనైతే లోపలి వేడి 100 డిగ్రీలు దాటనివ్వను.

మూడు దారులున్నాయి. చిన్న క్లిప్ రకం హీట్‌సింక్ పెడితే వాట్‌కు 62 కాస్తా 20, 25 దగ్గరికి వస్తుంది. రెండోది మెరుగైన మాస్‌ఫెట్: ఐఆర్‌ఎల్‌బీ8721కు 4.5 వోల్టుల గేట్‌తో గరిష్ఠంగా 16 మిల్లీఓమ్‌లు. ఒకటిన్నర రెట్లు కడితే 24. 36 × 0.024 = 0.86 వాట్లు, 53 డిగ్రీలు ఎక్కువ. ఇది 30 వోల్టులదే కాబట్టి 12 వోల్టుల స్ట్రిప్‌కు మాత్రమే.

మూడో దారి నాకు ఇష్టమైనది. స్ట్రిప్‌ను రెండున్నర మీటర్ల చొప్పున రెండు ముక్కలు చేసి రెండు మాస్‌ఫెట్లు పెట్టండి. ఒక్కోదానికి 3 ఆంపియర్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సగం కరెంటుకు పావు వంతు వేడే. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అయినా 0.34 వాట్లు, 21 డిగ్రీలు మాత్రమే. హీట్‌సింక్ అక్కర్లేదు. పైగా అయిదు మీటర్ల స్ట్రిప్‌కు ఒక చివరే కరెంటు ఇస్తే అవతలి చివర వెలుతురు తగ్గుతుంది, మధ్యలోంచి ఇస్తే ఆ సమస్యా పోతుంది.

ఆరో అడుగు: ఎంత వేగంగా కొట్టాలి

డిమ్ చేయడమంటే పీడబ్ల్యూఎం (పల్స్ విడ్త్ మాడ్యులేషన్). పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్, రెండిటి నిష్పత్తి మారుస్తాం. గేట్‌ను సగం తెరిచి కరెంటు తగ్గించడం కాదు, అలా చేస్తే మాస్‌ఫెట్ పొయ్యి అవుతుంది.

యూనోలో మామూలుగా వచ్చే పీడబ్ల్యూఎం చాలా పిన్‌ల మీద 490 హెర్ట్జ్, 5, 6 పిన్‌ల మీద 980 హెర్ట్జ్. కంటికి కనిపించదు, ఫోన్ కెమెరాలో మాత్రం చారలు పాకుతాయి. ఎల్‌ఈడీ మినుకుల మీద ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ 2015లో ఇచ్చిన 1789 సిఫార్సు ప్రకారం, పూర్తిగా ఆరి వెలిగే లైటు తక్కువ రిస్కులో ఉండాలంటే 1,250 హెర్ట్జ్, ఏ ప్రభావమూ ఉండకూడదంటే 3,000 హెర్ట్జ్ దాటాలి. ఇంట్లో గంటలకొద్దీ వెలిగే లైటుకు నేను 2,000 నుంచి 3,000 మధ్య పెడతాను.

మరి 20,000 ఎందుకు వద్దు? గేట్ ఒక చిన్న కెపాసిటర్. దాన్ని నింపాలి, ఖాళీ చేయాలి. 220 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బోర్డు పిన్ ఇచ్చే పది, పదిహేను మిల్లీఆంపియర్లతో ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మారడానికి సుమారు 3 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ కాసేపూ అది సగం తెరిచిన తలుపే. 12 వోల్టులు, 6 ఆంపియర్లకు లెక్కేస్తే 490 హెర్ట్జ్ దగ్గర ఈ నష్టం 0.1 వాట్, పట్టించుకోనక్కర్లేదు. 2,000 దగ్గర 0.4 వాట్లు. 20,000 దగ్గర 4 వాట్లు దాటుతుంది. అక్కడిదాకా వెళ్లాలంటే మధ్యలో గేట్‌ను వేగంగా నింపి ఖాళీ చేసే గేట్ డ్రైవర్ చిప్ ఉండాలి.

ఏడో అడుగు: మరి ఏది కొనాలి

5 వోల్టుల బోర్డు, 12 వోల్టుల స్ట్రిప్: ఐఆర్‌ఎల్‌బీ8721. అది దొరక్కపోతే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్. 24 వోల్టుల స్ట్రిప్ అయితే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాత్రమే, అది 55 వోల్టులది.

3.3 వోల్టుల బోర్డు, 2 ఆంపియర్ల లోపు: ఏఓ3400ఏ. బియ్యపు గింజంత ఉంటుంది, చేత్తో టంకం పెట్టడం మొదట్లో కాస్త చికాకు. కానీ 2.5 వోల్టుల గేట్‌కే గరిష్ఠంగా 48 మిల్లీఓమ్‌లని డేటాషీట్ హామీ ఇస్తుంది. 2 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర రెట్ల లెక్కతో 0.29 వాట్లు. ఇంత చిన్న ఒంటికి వాట్‌కు 125 డిగ్రీలు కాబట్టి 36 డిగ్రీలు పెరుగుతుంది. 5.7 ఆంపియర్లని మొదటి పేజీలో ఉందని 5 ఆంపియర్లు పెట్టకండి.

3.3 వోల్టుల బోర్డు, పెద్ద లోడు: టీఓ-220 ఆకారంలో 2.5 వోల్టుల హామీ ఉన్నవి అరుదు. వాటికోసం తిరిగే బదులు మధ్యలో 74హెచ్‌సీటీ125 అనే బఫర్ చిప్ పెట్టండి. దానికి 5 వోల్టుల సప్లై ఇస్తే, 2 వోల్టులు దాటిన దేన్నైనా ఆన్ కింద లెక్కగట్టి 5 వోల్టులు బయటికిస్తుంది. నాలుగు దారులుంటాయి, రంగుల స్ట్రిప్‌కు కూడా సరిపోతుంది. వాడని దారుల ఇన్‌పుట్లను గ్రౌండ్‌కు కలపడం మరవకండి. పేరులో హెచ్‌సీ కాదు, హెచ్‌సీటీ. ఇక్కడా ఒక్క అక్షరమే తేడా.

ఇంట్లో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్, ఐఆర్‌ఎఫ్540ఎన్ డబ్బాలకొద్దీ ఉన్నాయా? టీసీ4427 గేట్ డ్రైవర్ పెడితే అవీ పనికొస్తాయి. దానికి స్ట్రిప్ సప్లై నుంచే 12 వోల్టులివ్వండి. ఇన్‌పుట్ 2.4 వోల్టులకే మేలుకుంటుంది, గేట్‌కు నిండుగా 12 వోల్టులు తోస్తుంది. 24 వోల్టుల సప్లైకి మాత్రం నేరుగా తగిలించకండి. ఈ డ్రైవర్ 18 వోల్టుల వరకే, మాస్‌ఫెట్ గేట్ 20 వరకే.

కార్లలోలా నెగటివ్ అంతా ఒళ్లంతా పరుచుకుని ఉంటే, కింది వైపు స్విచ్ పెట్టడం కుదరదు. అప్పుడు పై వైపు పీ-ఛానల్, ఉదాహరణకు ఐఆర్‌ఎఫ్4905, దాని గేట్‌ను కిందికి లాగడానికి బీసీ547 అనే ఒక చిన్న ట్రాన్సిస్టర్. ఇళ్లలో దొరికే స్ట్రిప్‌లు, రంగులవి కూడా, పాజిటివ్ ఉమ్మడిగా ఉండేవే కాబట్టి ఎన్-ఛానలే చాలు.

ఎనిమిదో అడుగు: కనెక్షన్

మాస్‌ఫెట్ మీది అక్షరాలు మీవైపు ఉండేలా, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి గేట్, డ్రెయిన్, సోర్స్. వెనక తోక కూడా డ్రెయినే. స్ట్రిప్ పాజిటివ్ నేరుగా 12 వోల్టులకు, స్ట్రిప్ నెగటివ్ డ్రెయిన్‌కు, సోర్స్ సప్లై నెగటివ్‌కు.

బోర్డు పిన్‌కీ గేట్‌కీ మధ్య 220 ఓమ్‌లు, 74హెచ్‌సీటీ125 వాడినా అంతే. గేట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌లు. ఈ రెండోదాన్ని అనవసరమని వదిలేస్తారు. బోర్డు మేలుకునే ఆ క్షణంలో పిన్‌లు ఎటూ కాకుండా వేలాడుతుంటాయి, గేట్ గాలిలోని చార్జితోనే తెరుచుకుని అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు హాలంతా ఒక్కసారి భగ్గుమంటుంది. 74హెచ్‌సీటీ125 వాడితే దాని ఇన్‌పుట్ దగ్గర కూడా ఇంకో 10 కిలోఓమ్‌లు పెట్టండి, ఎందుకంటే అప్పుడు వేలాడేది ఆ ఇన్‌పుట్టే. ఇఎస్‌పి32లో 0, 2, 5, 12, 15 పిన్‌లు మేలుకొలుపు సమయంలో వేరే పనిలో ఉంటాయి, 34 నుంచి 39 వరకు అవుట్‌పుట్ ఇవ్వనే ఇవ్వవు. 25, 26, 27, 33 నిశ్చింతగా వాడుకోవచ్చు.

బోర్డు గ్రౌండ్‌నూ 12 వోల్టుల సప్లై నెగటివ్‌నూ కలపాలి. "అన్నీ సరిగ్గానే పెట్టాను, వెలగడం లేదు" అన్నవాళ్లలో ఎక్కువమంది మర్చిపోయేది ఈ ఒక్క తీగే.

డ్రెయిన్, సోర్స్ తిరగేస్తే లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది, ఎందుకంటే మాస్‌ఫెట్ లోపల ఒక డయోడ్ పుట్టుకతోనే ఉంది. తోకను లోహపు డబ్బాకు బిగించి, ఆ డబ్బా గ్రౌండ్ అయితే కూడా అదే లక్షణం. రంగుల స్ట్రిప్‌కు మూడు మాస్‌ఫెట్లను ఒకే హీట్‌సింక్‌కు బిగించేవాళ్లు మధ్యలో మైకా లేదా సిలికాన్ ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేయాలి. లేకపోతే ఎరుపు వెలిగిస్తే నీలమూ వెలుగుతుంది.

6 ఆంపియర్లు బ్రెడ్‌బోర్డు గుండా పంపకండి, దాని లోపలి క్లిప్పులు కాలిపోతాయి. స్ట్రిప్, సప్లై తీగలు 1 చదరపు మిల్లీమీటర్ మందం, సప్లై పాజిటివ్‌లో 7.5 లేదా 10 ఆంపియర్ల కారు ఫ్యూజు. ఎస్‌ఎంపీఎస్‌కు వచ్చే 230 వోల్టుల వైపు మూత, ఎర్త్ తీగ ఉండేలా చూసుకోండి. ఆ పని అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవడంలో నామోషీ ఏమీ లేదు.

తొమ్మిదో అడుగు: నకిలీని పట్టుకునే పరీక్ష

పాత మాస్‌ఫెట్ మీద పేరు చెరిపి కొత్త పేరు ముద్రించి అమ్మడం ఉంది. చూపుకు తెలియదు. మల్టీమీటర్‌కు తెలుస్తుంది. లైటును పూర్తి వెలుతురులో పెట్టండి, అంటే పీడబ్ల్యూఎం కాకుండా పిన్ నిలకడగా ఆన్. మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి మొనలు సరిగ్గా డ్రెయిన్, సోర్స్ కాళ్ల మొదట్లో ఆనించండి. 3 ఆంపియర్లకు ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అయితే 75 మిల్లీవోల్టులు, ఐఆర్‌ఎల్‌బీ8721 అయితే 48, అంతకన్నా తక్కువే చూపాలి. వేడెక్కాక కొంచెం పెరుగుతుంది. 200, 300 చూపిస్తే, ముందు గేట్ కాలి మీద వోల్టేజి చూడండి. అది సరిగ్గా ఉంటే ముక్క నకిలీది.

తర్వాత డబ్బా మూత పెట్టి గంటసేపు నిండు వెలుతురులోనూ, గంటసేపు సగం వెలుతురులోనూ నడపండి. రెండోది ఎందుకంటే స్విచ్ నష్టం పీడబ్ల్యూఎం ఉన్నప్పుడే కనిపిస్తుంది.

పదో అడుగు: కంటికి సరిపడే మెట్లు

కోడ్‌లో సగం విలువ పెడితే లైటు సగం అయినట్టు కంటికి అనిపించదు, దాదాపు నిండుగానే కనిపిస్తుంది. చీకటి వైపు తేడాలను కన్ను ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకని మనం కోరిన స్థాయిని 0 నుంచి 1 మధ్య అంకెగా మార్చి 2.2 ఘాతానికి హెచ్చించి, ఆ ఫలితాన్ని పీడబ్ల్యూఎంకు ఇవ్వాలి. 50 శాతం వెలుతురు కావాలంటే 21.8 శాతం, 10 శాతం కావాలంటే 0.63 శాతమే.

ఇక్కడ 8 బిట్ల, అంటే 0 నుంచి 255 వరకు మెట్లుండే, పీడబ్ల్యూఎం చేతులెత్తేస్తుంది. 255లో 0.63 శాతమంటే 1.6. అంటే 1 లేదా 2. ఆ రెండిటి మధ్య వెలుతురు రెట్టింపవుతుంది, మెల్లగా ఆర్పుతుంటే మెట్లు దిగినట్టు కుదుపులు కనిపిస్తాయి. 12 బిట్లలో అదే 4,095లో 26. యూనోలో 9, 10 పిన్‌లను నడిపే టైమర్ 1 పదహారు బిట్లది, దాన్ని 4,096 మెట్లకు అమర్చుకుంటే 3.9 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఇఎస్‌పి32లో 12 బిట్లకు 19.5 కిలోహెర్ట్జ్ వరకు వీలుంది, మనకు 3 చాలు. మాస్‌ఫెట్ మారడానికి పట్టే 3 మైక్రోసెకన్లు ఇక్కడ ఇంకోలా అడ్డు వస్తాయి: 3 కిలోహెర్ట్జ్ దగ్గర 12 బిట్లలో ఒక్క మెట్టు 0.08 మైక్రోసెకనే. మరీ కింది మెట్లలో గేట్ తెరుచుకునేలోపే మూసెయ్యమంటున్నాం. లైటు అట్టడుగు మెట్లలో వెలగకుండా ఒక చోట ఉన్నట్టుండి వెలిగితే, ఆ మెట్టునే మీ కనిష్ఠంగా పెట్టుకోండి. అంతకంటే కిందికి కావాలంటే గేట్ డ్రైవర్ పెట్టాలి, లేదా హెర్ట్జ్ తగ్గించాలి.

విడి ఎల్‌ఈడీలవాళ్లకు

3 వాట్ల ఎల్‌ఈడీలు మూడు వరసగా కలిపితే సుమారు 10 వోల్టులు, 700 మిల్లీఆంపియర్లు కావాలి. దీనికి రెండు దారులు. చవకైనది పీటీ4115 చిప్ ఉన్న చిన్న బోర్డు. 6 నుంచి 30 వోల్టుల సప్లై తీసుకుంటుంది, 1.2 ఆంపియర్ల వరకు ఇస్తుంది. కరెంటు ఎంతన్నది దానిమీదున్న చిన్న రెసిస్టర్ నిర్ణయిస్తుంది: 0.1ని ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు. 0.13 ఓమ్‌లకు 770 మిల్లీఆంపియర్లు, 0.27కు 370. కొన్న బోర్డు మీద ఏ విలువ ఉందో చూసుకున్నాకే ఎల్‌ఈడీ తగిలించండి. రెండోది మీన్‌వెల్ ఎల్‌డీడీ-700హెచ్. 24 వోల్టుల సప్లైతో ఈ మూడు ఎల్‌ఈడీలను అవలీలగా నడుపుతుంది.

రెండిటికీ డిమ్ అనే కాలు ఉంటుంది, 3.3 వోల్టుల పీడబ్ల్యూఎం నేరుగా దానికే ఇవ్వాలి. డ్రైవర్‌కు వచ్చే సప్లై తీగలో మాస్‌ఫెట్ పెట్టి కొట్టడం తప్పు. డ్రైవర్‌లోని కాయిల్, కెపాసిటర్లు ప్రతిసారీ కొత్తగా మేలుకోవాల్సి వస్తుంది, వెలుతురు మన మాట వినదు. ఎల్‌డీడీకి పీడబ్ల్యూఎం 100 నుంచి 1,000 హెర్ట్జ్ మధ్యే ఉండాలి, పైన చెప్పిన 3,000 దీనికి వర్తించదు. దాని అవుట్‌పుట్ నెగటివ్‌ను గ్రౌండ్‌కు కలపకూడదు. స్ట్రిప్‌తో అలవాటుపడ్డ చెయ్యి అన్ని నెగటివ్‌లనూ ఒకచోట చుట్టేస్తుంది, జాగ్రత్త. డిమ్ కాలు దేనికీ తగలకుండా ఉంటే ఎల్‌డీడీ నిండుగా వెలుగుతుంది. కాబట్టి బోర్డు మేలుకునేటప్పుడు పిన్ కిందికి ఉండేలా ఇక్కడా చూసుకోవాలి.